పజిల్, కథ ఉన్న ఇండీ గేములు: ఏది ఆడాలి, ఎక్కడ ఇరుక్కుంటాం, ఎందుకు

చీకటిగది:
చిన్న టీములు చేసిన పజిల్ గేములు, కథ బలంగా ఉన్న గేములు చెప్పండి. లింబో, ఇన్‌సైడ్ అయిపోయాయి. లాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. పేర్లు ఎక్కడైనా దొరుకుతాయి. జనం మధ్యలో ఎక్కడ వదిలేస్తున్నారు, అలా వదలకుండా ఎలా ఆడాలి అన్నది కావాలి. కథ మాత్రం బయటపెట్టకండి.

కొక్కెం:
రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ (2018). లూకస్ పోప్ దాదాపు ఒంటిచేత్తో చేసిన గేము. మీ లాప్‌టాప్‌లో హాయిగా నడుస్తుంది. మాయమైపోయిన ఓడ ఒకటి 1807లో, బతికున్న మనిషి లేకుండా ఇంగ్లండ్ రేవుకు తిరిగొస్తుంది. శవం దగ్గరికి వెళ్తే ఆ మనిషి చనిపోయిన క్షణం దృశ్యంగా కనబడుతుంది. మీరు ఈస్టిండియా కంపెనీ తరఫున వెళ్లి, ఓడలోని 60 మందిలో ఎవరు ఎవరో, ఎవరికి ఏమైందో పుస్తకంలో నింపాలి. జాబితాలో మన దేశం నుంచి వెళ్లిన నావికులు కూడా ఉన్నారు.

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు: ముగ్గురి వివరాలు సరిగ్గా పడితే గానీ గేము "సరే" అనదు. ఇద్దరి సంగతి ఖాయంగా తెలిస్తే, మూడో మనిషి దగ్గర పేర్లు ఒక్కొక్కటే మార్చి చూడొచ్చు. అది పనిచేస్తుంది, కానీ గేము అక్కడితో చచ్చిపోతుంది. దానికి బదులు ఇలా చేయండి:

పుస్తకంలో ముఖం మసగ్గా ఉంటే, ఆ మనిషిని గుర్తుపట్టే ఆధారం ఇంకా మీ కంట పడలేదని అర్థం. వదిలేసి ముందుకు పొండి. ముఖం తేటపడిందంటే ఆధారం ఇప్పటికే చూసేశారు, మీరు పట్టించుకోలేదంతే. ముఖం పక్కన ఉండే త్రికోణాలు కష్టం ఎంతో చెబుతాయి. ఒకటి ఉన్నవాళ్లతో మొదలెట్టండి. పుస్తకంలో ఒక మనిషిని బుక్‌మార్క్ చేస్తే, అతను కనబడే దృశ్యాలన్నీ ఎక్కడున్నాయో తెలుస్తుంది. అతని యాస ఏమిటి, ఏ బట్టలు వేసుకున్నాడు, ఎవరి పక్కన పనిచేస్తున్నాడు అన్నవి వరుసగా చూడండి. చావుకు కారణం దగ్గర మాత్రం ఎక్కువ మథనపడొద్దు, అనుమానానికి తావున్న చోట గేము ఒకటికి మించి జవాబులు ఒప్పుకుంటుంది.

ఒక్క ఇబ్బంది ఉంది. చూసిన దృశ్యాన్ని మళ్లీ చూడాలంటే ఆ శవం దాకా నడిచి వెళ్లాలి. అందుకే మొదటిసారే పాత్రధారులను వదిలేసి, మూలల్లో నిలబడ్డవాళ్లను చూడండి.

పడమటిగాలి:
ఓబ్రా డిన్ గొప్పదే, కానీ మొదటిది అదే వద్దండి. 60 ముఖాలు చూడగానే కొత్తవాళ్లు బెదిరిపోతారు. ది కేస్ ఆఫ్ ది గోల్డెన్ ఐడల్ (2022, లాత్వియా టీము) నుంచి మొదలెడితే అలవాటవుతుంది. ఒక్కో దృశ్యం చిన్నది. అందులో దొరికిన మాటలను ఖాళీల్లో పెట్టడమే పని. తప్పులు రెండో అంతకన్నా తక్కువో ఉంటే గేమే చెబుతుంది. ఆ సూచన వచ్చాక జనం రెండు మాటలు అటూ ఇటూ మార్చి దాటేస్తారు. కాస్త ఆగి జేబుల్లో ఉన్న కాగితాలు మళ్లీ చదవండి, ఎవరికి ఎవరు బాకీ ఉన్నారో చాలాసార్లు అక్కడే ఉంటుంది.

కొక్కెం:
ఒప్పుకుంటాను, వరుస అదే బాగుంది. కాకపోతే ఐడల్‌లో చదవాల్సిన ఇంగ్లిష్ ఎక్కువ.

తారాజువ్వ:
గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్ ఎప్పుడు దొరికినా ఔటర్ వైల్డ్స్ (2019, మోబియస్ డిజిటల్) ఆడండి. ఔటర్ వరల్డ్స్ అని ఇంకోటి ఉంది, అదీ 2019దే, కొనేటప్పుడు పేరు చూసుకోండి. ఔటర్ వైల్డ్స్‌లో అంతరిక్ష నౌకలో గ్రహాలు తిరుగుతాం, 22 నిమిషాలకొకసారి అంతా మొదటికి వస్తుంది, దాన్నే లూప్ అంటారు. పాయింట్లు, ఆయుధాలు, అప్‌గ్రేడ్లు ఏవీ లేవు, మీకు తెలిసింది మాత్రమే మీతో మిగులుతుంది.

రెండు మూడు గంటల్లో "ఏం చేయాలో చెప్పడం లేదు" అని వదిలేసేవాళ్లే ఎక్కువ. వాళ్లు నౌక వెనక భాగంలో ఉన్న షిప్ లాగ్ (మీరు తెలుసుకున్నవి నమోదయ్యే చోటు) తెరవరు. లూప్ మళ్లీ మొదలైనా అందులో రాసింది పోదు. రూమర్ మోడ్‌లో ఏ సంగతి దేనికి ముడిపడిందో గీతలతో చూపిస్తుంది. నారింజ రంగు గుర్తు ఉన్న చోట ఇంకా ఏదో మిగిలి ఉంది. ప్రతి లూప్ ముందు ఒక్క చోటు ఎంచుకుని అక్కడికే వెళ్లండి. నాలుగు గ్రహాలు చుట్టొద్దామనుకుంటే ఏదీ పూర్తికాదు.

నడపడంలో తెలియాల్సినవి ఇవి. ఆటోపైలట్ దారిలో సూర్యుడున్నా పట్టించుకోదు, తిన్నగా అందులోకే తీసుకెళుతుంది. గమ్యానికీ మీకూ మధ్య సూర్యుడుంటే ముందు పక్కకు జరిగి, ఆ తర్వాత ఆన్ చేయండి. దిగేటప్పుడు మ్యాచ్ వెలాసిటీ నొక్కి వేగం కలుపుకుని, తర్వాత మెల్లగా కిందికి దించండి. తెలియని చోట కాలు పెట్టే ముందు స్కౌట్ (కెమెరా ఉన్న చిన్న యంత్రం) విసిరి ఫొటో తీయండి. జంట గ్రహాల మధ్య ఇసుక ప్రవాహం కనబడుతుంది కదా. ఎంబర్ ట్విన్ గుహలు ఆ ఇసుకతో నిండిపోతాయి, అక్కడికి లూప్ మొదట్లోనే వెళ్లాలి. యాష్ ట్విన్‌కి ఆలస్యంగా వెళ్తేనే లాభం. ఖాళీ సమయం గడపాలంటే నెగడు దగ్గర నిద్రపోవచ్చు. కీబోర్డుతో కన్నా కంట్రోలర్‌తో నౌక చాలా బాగా లొంగుతుంది.

2021లో వచ్చిన ఎకోస్ ఆఫ్ ది ఐ అనే అదనపు భాగంలో భయపెట్టే చోట్లున్నాయి. సెట్టింగ్స్‌లో భయం తగ్గించే ఆప్షన్ ఉంది, మొహమాటం లేకుండా వాడుకోండి.

రేగుపండు:
ఇంగ్లిష్ ఎక్కువ చదవకుండా ఆడే గేములున్నయా? మా చెల్లె కోసం అడుగుతున్న.

పడమటిగాలి:
గొరొగోవా (2017) ఇవ్వండి. ఒక్క మాట కూడా ఉండదు, చేత్తో గీసిన బొమ్మలు నాలుగు గడుల్లో ఉంటాయి. జరపడం, ఒకదానిమీద ఒకటి పెట్టడం, లోపలికి జూమ్ చేయడం, అంతే. ఇరుక్కున్నప్పుడు ప్రతి గడినీ పూర్తిగా వెనక్కి జూమ్ చేసి చూస్తే, రెండు బొమ్మల అంచులు ఎక్కడ కలుస్తాయో కనబడుతుంది. రెండు గంటల లోపే అయిపోతుంది, మొబైల్‌లో కూడా ఉంది.

యానిమల్ వెల్ (2024) కూడా అంతే, చదవాల్సింది దాదాపు ఏమీ లేదు, సైజు 33 ఎంబీ ప్రాంతం. కాకపోతే గెంతులు కచ్చితంగా పడాలి, వేళ్లకు అలవాటు లేకపోతే విసుగొస్తుంది.

అచ్చుపెట్టె:
బాబా ఈజ్ యూ (2019) మర్చిపోకండి. నాలుగైదు ఇంగ్లిష్ మాటలొస్తే చాలు. "వాల్ ఈజ్ స్టాప్" అని మాటలు రాసిన మూడు దిమ్మెలు వరసగా ఉంటే గోడ అడ్డుకుంటుంది. ఒక దిమ్మెను తోసేస్తే గోడలోంచి నడిచి వెళ్లొచ్చు. వాక్యం ఎడమ నుంచి కుడికి, లేదా పైనుంచి కిందికి ఉంటేనే చెల్లుతుంది. దిమ్మెలను తోయగలం గానీ లాగలేం. అందుకే అంచుకు ఆనుకున్నది మళ్లీ లోపలికి రాదు, మూలలో పడితే ఇక కదలదు. జెడ్ నొక్కితే ఒక్కో అడుగు వెనక్కి వస్తుంది, ఎన్నిసార్లయినా. ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ లెవెల్‌లో ఏ వాక్యాన్ని అసలు విరగ్గొట్టలేను? దాన్ని పక్కనపెడితే కదపగలిగినవి రెండో మూడో మిగులుతాయి. ప్రతి లెవెలూ గెలవాల్సిన పనిలేదు, కొన్ని గెలిస్తే తర్వాతి ప్రాంతం తెరుచుకుంటుంది. ఒక్కదాని దగ్గరే కూర్చుని గేమే మానేయడం అన్యాయం.

నూలుపోగు:
కథే ముఖ్యం అనుకుంటే డిస్కో ఎలీసియం (2019). చదవాల్సింది చాలా ఎక్కువ. 2021లో వచ్చిన ఫైనల్ కట్‌లో సంభాషణలన్నిటికీ గొంతు ఉంది కాబట్టి వింటూ చదవొచ్చు. మొదట్లో ఫిజిక్ (మీ పాత్ర శరీర బలం) 1కి తగ్గించకండి, మొదటి గదిలో ఫ్యాన్‌కి వేలాడే టై లాగబోయి చచ్చిపోయే ప్రమాదముంది. ఏదైనా పని కుదురుతుందా లేదా అన్నది పాచికలతో తేల్చే పరీక్షలు రెండు రంగుల్లో ఉంటాయి. తెల్ల పరీక్షలు ఓడితే, ఆ నైపుణ్యం పెంచాక మళ్లీ వేయొచ్చు, ఎర్రవి ఒక్కసారే. రెండు పాచికలు వేస్తారు కనుక 3 శాతం నుంచి 97 శాతం మధ్యే అవకాశం ఉంటుంది, పూర్తి భరోసా ఎప్పుడూ రాదు. నైపుణ్యం పాయింటు రాగానే ఖర్చుపెట్టకుండా, ఓడిన తెల్ల పరీక్ష కోసం దాచండి. పరీక్ష ముందు బట్టలు మార్చినా అంకెలు మారతాయి.

ఓటమికి భయపడి సేవ్ వెనక్కి తిప్పొద్దు. ఈ గేములో అందమైన రాతలో సగం, పరీక్ష ఓడినప్పుడే బయటికొస్తుంది.

రేగుపండు:
వెన్‌బా (2023) గురించి ఎవ్వరు చెప్పలే. కెనడాకు పోయిన తమిళ కుటుంబం కథ, చినిగిపోయిన వంటల పుస్తకం చూసి వండుడే పజిల్. మొదలే ఇడ్లీ. ఇడ్లీ ప్లేట్లు ఆవిరి అన్నిటికీ తగిలేటట్టు తిప్పి పెట్టాలె, మన ఇంట్ల చేసినట్టే. గంట, గంటన్నరల అయితది. కష్టం తక్కువ, కథ కోసమే ఆడాలె.

చీకటిగది:
అందరికీ థాంక్స్. ఐడల్‌తో మొదలుపెడతాను. నచ్చకపోతే డబ్బు వెనక్కి వస్తుందా?

అచ్చుపెట్టె:
స్టీమ్‌లో (కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) కొన్న 14 రోజుల్లోపు, ఆట సమయం 2 గంటలు దాటకపోతే అడగొచ్చు. గేము కిటికీ తెరిచి వదిలేసినా ఆ సమయం లెక్కలోకి వస్తుంది, గుర్తుంచుకోండి.

కొక్కెం:
ఐడల్‌లో ఇరుక్కుంటే వీడియో చూడకుండా ఇక్కడే రాయండి. ఎన్నో అధ్యాయం, ఏ ఖాళీలు మిగిలాయి, మీ అనుమానం ఎవరిమీద అన్న మూడూ చెబితే చాలు. జవాబు చెప్పకుండా, ఎటు చూడాలో మాత్రం చెబుతాం.