ఏమన్ ర్యాన్ ఇళ్ల గురించి మాట్లాడినవి ఎక్కడ దొరుకుతాయి?

నమస్తే అండి. డబ్లిన్‌లో మాస్టర్స్ చేస్తున్నాను, ఐర్లాండ్ గ్రీన్ పార్టీ మాజీ నాయకుడు ఏమన్ ర్యాన్ మీద ప్రాజెక్ట్ రాయాలి. రవాణా సంగతి తేలిగ్గానే దొరికింది, ఎందుకంటే ఆయన మంత్రిగా చేసింది రోజూ కళ్లముందే ఉంది: 2022లో ఛార్జీలు 20 శాతం తగ్గించాక లీప్ కార్డు (ప్రయాణాలకు వాడే ప్రీపెయిడ్ కార్డు) మీద 2 యూరోలకే, 90 నిమిషాల్లోపు బస్సు దిగి లువాస్ ట్రామ్ ఎక్కినా మళ్లీ డబ్బు కట్ అవ్వదు. స్టూడెంట్లకు ఇది చాలా పెద్ద ఊరట. కరెంటు గురించి దొరకడానికీ ఇబ్బంది లేదు, 2021 వాతావరణ చట్టం, 2030కల్లా 80 శాతం పునరుత్పాదక విద్యుత్తు లక్ష్యం, అన్నీ రికార్డుల్లో ఉన్నాయి.

చిక్కంతా ఇళ్ల దగ్గరే. ఆ శాఖ ఆయనది కాదు. కానీ కట్టడానికైన ఖర్చును బట్టి అద్దె పెట్టే కాస్ట్ రెంటల్ పద్ధతి కావాలని ఆయన పార్టీ గట్టిగా పట్టుబట్టింది, 2021లో అది చట్టంలోకి వచ్చింది. మంత్రిగా పార్లమెంట్‌లో చదివిన జవాబుల్లో సొంత మాట ఏదో, శాఖ రాసిచ్చింది ఏదో తేలడం లేదు, అందుకే 2016 నుంచి 2020 దాకా ప్రతిపక్షంలో ఉండగా మాట్లాడినవి కావాలి. పార్లమెంట్ కమిటీ చర్చల్లో సభ్యుడి పేరు, అంశం రెండూ కలిపి వెతకడం ఎలా? ఈ పని చేసినవాళ్లుంటే కాస్త చెప్పండి ప్లీజ్.