డేఫ్లవర్‌కి తెలుగు పేరు కొత్తగా కట్టాలా?

ఒక తోటపని వ్యాసం అనువదిస్తున్నాను. డేఫ్లవర్ దగ్గర ఆగిపోయాను. ఒక్కపూటకే పూసే నీలిపువ్వు కాబట్టి ‘దినపుష్పం’ అని రాశాను. చదువుతుంటే పంచాంగంలో మాటలా ఉంది. ఇంకేదైనా చెప్తారా?

— దినపుష్పం వద్దండీ, దానికి పేరుంది. వెన్నవెదురు. వానలు పడగానే గట్ల మీద, పాదుల్లో అల్లుకుపోయేది. వెన్నదేవి కూర అన్నా అదే, నీరుకసువు అన్నా అదే. కాడ పట్టుకుని చూడండి, కణుపులు వెదురుకున్నట్టే ఉంటాయి. ఆకు మాత్రం వెదురాకు కాదు, కోడిగుడ్డు ఆకారంలో అంచు కాస్త అలలు తిరిగి ఉంటుంది.

— మా దిక్కు ఎన్నాద్రి కూర అంటం అన్నా. జహీరాబాద్ వైపు చేన్ల దానంతట అదే మొలుస్తది. లేత ఆకు తెంపి పప్పుల ఏస్తం. కలుపు తీసేటోళ్లే ఒడిల ఏసుకుని ఇంటికి తెస్తరు.

— ఎన్నాద్రి వింటే నాకు ‘వెన్న’ వినిపిస్తోంది. వెనక–ఎనక, వెండి–ఎండి లాగే వెన్న–ఎన్న. ‘ఆద్రి’ ఎలా అతుక్కుందో గానీ కొండ మాత్రం కాదు!

— వెన్న ఎందుకంటే నాదొక ఊహ. ఈ పువ్వు వాడి రాలదు. పొద్దున్నే విచ్చుకుంటుంది, మధ్యాహ్నానికి రేకులు కరిగి తడిముద్ద అవుతాయి. దొప్పలాంటి ఆకు మడతలో మొగ్గలు దాగి ఉంటాయి, దాన్ని నొక్కితే జిగురు వస్తుంది. ఇక వెన్న అనడానికేం?

— ఊహ బాగుంది, కానీ మనవాళ్లు పువ్వును చూసి పేరు పెట్టారంటే నమ్మను. పైన వచ్చిన పేర్లు చూడండి: కూర, కసువు, వెదురు. ఒక్కదాంట్లోనూ పువ్వు లేదు. ఇంగ్లీషువాళ్లు పూసే పూటను చూశారు. జపాన్‌వాళ్లు వాళ్ల నేల మీది రకానికి ‘త్సుయుకుసా’, అంటే మంచుబిందువుల గడ్డి, అన్నారు. ఆ జాతిలోని పెద్దపువ్వు రకం నీలిరసంతో యూజెన్ అనే జపాన్ అద్దకం బట్టల మీద గీతలు గీసుకుని, అద్దకం అయ్యాక నీళ్లలో జాడిస్తారు. గీత పోతుంది. మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ అయితే దీనికి కొమ్మెలిన్ అనే వంశం పేరు మీద ‘కొమ్మెలినా’ అని పెట్టాడు. రెండు పెద్ద రేకులు ఆ ఇంట్లో పేరుపొందిన ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులట, మూడో చిన్న రేకు ఏమీ సాధించకుండానే పోయినవాడట. ఆ మూడోవాడి మీద నాకు జాలి.

— మీరంతా మురిసిపోండి, పీకేది నేను. పీకి గట్టున పడేస్తే కణుపు కణుపుకీ వేళ్లు వేస్తుంది. పైన నీలిపూలు చాలవన్నట్టు మట్టిలోపల కూడా పూస్తుంది. ఆ పూలు విచ్చుకోకుండానే కాయ కడతాయి. అమెరికాలో జార్జియా పత్తిచేలలో గ్లైఫోసేట్ అనే కలుపుమందు కొట్టినా లొంగడం లేదు. కుండీలో పెట్టుకునేవాళ్లు దాన్ని కుండీలోనే ఉంచండి.

— అడిగినావిడ తోట వ్యాసం రాస్తున్నారు కదా, మెక్సికో రకమైతే వేరు. నీలం కోసం దాన్ని కావాలనే పెంచుతారు, దానికి దుంపవేళ్లు. దానికీ వెన్నవెదురే అనేసి ముందు ‘మెక్సికో’ చేరిస్తే సరిపోతుంది.

— అందరికీ ధన్యవాదాలండీ. దినపుష్పం కొట్టేశాను. ‘వెన్నవెదురు’ అని రాసి, పక్కనే తెలంగాణలో ఎన్నాద్రి అంటారని చేర్చాను. పప్పులోకి ఎన్ని ఆకులు వేయాలో కూడా ఎవరైనా చెప్తే బాగుండు.

— గుప్పెడు చాలు అక్కా. లేతయి ఏరుకో.