మేలో తొమ్మిది రోజులు, ఇద్దరం, ఐదు ఊళ్లు: ప్లాన్ చూసి తప్పులు చెప్పండి

డెంటన్, టెక్సస్ నుంచి:

అందరికీ నమస్కారం. జనవరిలో ఎమ్మెస్‌కి వచ్చాను. మే మూడో వారంలో క్లీవ్‌ల్యాండ్‌లో చదువుతున్న ఫ్రెండ్‌తో కలిసి న్యూయార్క్, బోస్టన్, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్, నయాగరా చూడాలని ఉంది. ఇద్దరం ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నాం, ఇద్దరికీ 23 ఏళ్లు. డల్లస్ నుంచి న్యూయార్క్‌కి రానూపోనూ టికెట్ చూసి పెట్టుకున్నాను. అక్కడ కారు అద్దెకు తీసుకుని అన్నీ చుట్టేద్దామని ఆలోచన. ఎక్కడ దెబ్బతింటామో ముందే చెబితే సర్దుకుంటాం.

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి:

ముందు బోస్టన్ కొట్టేయండి. న్యూయార్క్ నుంచి రైల్లో నాలుగు గంటలు ఈశాన్యంగా పోవాలి, వాషింగ్టన్ దానికి ఎదురు దిక్కు. తొమ్మిది రోజుల్లో ఆ ఒక్క ఊరి కోసం దాదాపు రెండు రోజులు ప్రయాణానికే పోతాయి.

రెండోది, రానూపోనూ టికెట్ వద్దు. ఒక ఊళ్లో దిగి మరో ఊళ్లో ఎక్కేలా కొనండి. నయాగరా న్యూయార్క్‌కి 400 మైళ్లు. రైల్లో తొమ్మిది గంటలు, కారులో ఆగకుండా పోయినా ఏడు గంటలు. చాలామంది దాన్ని మధ్యలో ఇరికించి రెండు రాత్రుల నిద్ర పోగొట్టుకుంటారు. దాన్ని మొదట పెట్టండి. మీరు డల్లస్ నుంచి నయాగరాకి దగ్గరున్న బఫెలోకి రండి, మీ ఫ్రెండ్ క్లీవ్‌ల్యాండ్ నుంచి బస్సులో బఫెలో వచ్చేస్తాడు, అది దగ్గరే. రెండో రోజంతా నయాగరా. మూడో రోజు పొద్దున బఫెలో నుంచి న్యూయార్క్ పక్కనే ఉన్న న్యూవార్క్‌కి విమానం. ఆరో రోజు దాకా న్యూయార్క్. ఏడో రోజు పొద్దున ఫిలడెల్ఫియా, ఆ సాయంత్రమే వాషింగ్టన్. తొమ్మిదో రోజు రాత్రి అక్కడినుంచే డల్లస్. వెనక్కి తిరిగి రావడమనేదే ఉండదు.

వాషింగ్టన్ శనాదివారాల్లో పడేలా చూసుకోండి. ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్లతో నడిచే ఊరు కాబట్టి అక్కడ వారాంతంలో గది అద్దె సాధారణంగా తగ్గుతుంది. అయితే మేలో ఒక చిక్కుంది. మే మధ్యలో యూనివర్సిటీల పట్టాల పండగలుంటాయి, తల్లిదండ్రులంతా దిగుతారు. మీ తేదీల్లో జార్జ్‌టౌన్, జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీల గ్రాడ్యుయేషన్ ఉందేమో చూశాకే గది బుక్ చేయండి. మే ఆఖరి సోమవారం మెమోరియల్ డే, ఆ వారాంతం జోలికి అసలు పోవద్దు.

విమానం టికెట్ ఎయిర్‌లైన్ సైట్లోనే కొనండి. ప్రయాణానికి వారం లేదా అంతకన్నా ముందు కొంటే 24 గంటల్లోపు రద్దు చేసుకుని డబ్బు మొత్తం వెనక్కి తీసుకోవచ్చు. మధ్యవర్తి సైట్లో కొంటే వాళ్ల షరతులు వేరుగా ఉంటాయి. సామాను రూలు టికెట్ ధరతో కలిపి చదవండి. బఫెలో నుంచి న్యూవార్క్‌కి యునైటెడ్ నేరుగా నడుపుతుంది, కానీ బేసిక్ ఎకానమీ కొంటే సీటు కింద పట్టే సంచి తప్ప పైన అరలో పెట్టే పెట్టె ఇవ్వరు. ఫ్రాంటియర్ లాంటి చవక విమానాల్లో ఆ ఉచిత సంచి కొలత 18×14×8 అంగుళాలు, చక్రాలూ పిడులూ కలిపి. గేటు దగ్గర పట్టుబడితే ఆన్‌లైన్‌లో కట్టేదానికంటే బాగా ఎక్కువ వసూలు చేస్తారు. తొమ్మిది రోజులకు తలా ఒక చిన్న పెట్టె, ఒక వీపు సంచి చాలు. మధ్యలో ఒకసారి లాండ్రోమాట్‌లో బట్టలు ఉతుక్కోండి.

హెర్న్‌డన్, వర్జీనియా నుంచి:

తమ్మీ, కారు ముచ్చట నేను చెప్తా. మన్‌హట్టన్‌ల కారంటే కొని తెచ్చుకున్న గోస. హోటల్ల పార్కింగే రాత్రికి 50 డాలర్లు దాటుడు మామూలు. 2025 జనవరి నుంచి 60వ వీధికి దక్షిణం దిక్కు కారుతోని అడుగు పెడితే పగటిపూట ఇంకో 9 డాలర్లు. ఒక ఊళ్లె తీస్కొని ఇంకో ఊళ్లె ఇచ్చేస్తే డ్రాప్ ఫీజు అలగ్. న్యూయార్క్, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్ మూడు ఒకే రైలు పట్టాల మీద ఉన్నయి, అక్కడ కారు పనే లేదు.

కారు బఫెలోల మాత్రం తీస్కోర్రి. ఎయిర్‌పోర్టుల తీస్కొని ఎయిర్‌పోర్టులనే ఇచ్చేయుర్రి. నయాగరాకు అరగంట తొవ్వ. ఇగ ఆడ నాలుగు సంగతులు యాదికుంచుకోవాలె.

కారు ఎవరి పేరు మీద తీస్కుంటే లైసెన్సు, క్రెడిట్ కార్డు రెండూ వాళ్లయే ఉండాలె. నీ లైసెన్సు, దోస్తు కార్డు అంటే కౌంటర్ల నడువదు. 25 ఏండ్లు నిండకుంటే రోజుకింత అని ఎక్కువ పైసలు గుంజుతరు. న్యూయార్క్ రాష్ట్రంల 18 దాటినోళ్లకు వయసు పేరు చెప్పి ఇయ్యమనడానికి లేదు, గని ఆ ఫీజు మాత్రం తీస్కోవచ్చు. అందుకే బుక్ చేసేటప్పుడు వయసు 25+ అని ఉన్నకాడ 23 అని మార్చి చూడు, అసలు ధర అప్పుడు కనబడ్తది. రెండోవాడు స్టీరింగ్ పట్టాలంటే వాని పేరు అగ్రిమెంటుల ఎక్కాలె. ఎక్కకుండ నడిపి గుద్దితే ఏ ఇన్సూరెన్సూ రాదు.

నీ క్రెడిట్ కార్డుల అద్దె కారు కవర్ ఉన్నదా అని ముందే ఫోన్ జేసి అడుగు. ఉన్నా గది నువ్వు నడిపే బండికి అయిన నష్టానికే, ఎదుటోనికి తగిలితే పనికి రాదు. దానికి లయబిలిటీ కవర్ వేరే తీస్కోవాలె. ఇగ టోలు. నయాగరా పోయే ఐ-190 మీద గ్రాండ్ ఐలాండ్ వంతెనల కాడ టోలు ఉంటది, పైసలు తీస్కునే మనిషి ఉండడు, కెమెరా నంబర్ ప్లేటు పడ్తది. టోలు చిన్నదే, దానిమీద అద్దె కంపెనీ ఏసే సర్వీసు ఫీజు పెద్దది. అది రోజుకా, వాడిన రోజుకేనా అని కౌంటర్లనే అడుగుర్రి.

డెంటన్, టెక్సస్ నుంచి:

చాలా థాంక్స్ అన్నా. నయాగరా కెనడా వైపు నుంచే బాగుంటుందని అంటున్నారు. వంతెన దాటి ఒక గంట చూసి వచ్చేయొచ్చా?

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి:

వద్దు. భారత పాస్‌పోర్టుకి కెనడా వీసా కావాలి. అమెరికా ఎఫ్-1 వీసా ఉన్నంత మాత్రాన అక్కడికి రానివ్వరు. ఇంతకంటే ముఖ్యం, పొరపాటున కూడా వంతెన ఎక్కకుండా చూసుకోండి. నదికి అటూ ఇటూ ఉన్న రెండు ఊళ్ల పేరూ నయాగరా ఫాల్సే. మ్యాప్‌లో ఉత్తి నయాగరా ఫాల్స్ అని కొడితే అది మిమ్మల్ని అవతలి ఒడ్డుకి తీసుకెళ్లొచ్చు. నయాగరా ఫాల్స్ స్టేట్ పార్క్ అని పూర్తిగా కొట్టండి. కెనడా వంతెన అని రాసిన బోర్డు కనిపిస్తే ఆ లేన్లోంచి తప్పుకోండి. రెయిన్‌బో బ్రిడ్జ్ ఎక్కాక వెనక్కి తిప్పే చోటుండదు. అవతల కెనడా అధికారికి విషయం చెబితే తిప్పి పంపుతారు, కానీ తిరిగొచ్చేటప్పుడు అమెరికా తనిఖీ తప్పదు.

కాబట్టి ఈ ప్రయాణం మొత్తం అసలు పాస్‌పోర్టు, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చిన పత్రం), ఐ-94 (అమెరికాలోకి వచ్చినప్పటి నమోదు) ప్రింటు దగ్గర ఉండాలి. ఐ-20 రెండో పేజీలో ట్రావెల్ సంతకం ఏడాదిలోపుదై ఉంటే మంచిది. దేశం లోపల తిరగడానికి ఆ సంతకం అక్కర్లేదు, ఇలాంటి పొరపాటు జరిగితే మాత్రం అదే ఆదుకుంటుంది. 18 దాటిన విదేశీయులు నమోదు పత్రం వెంట ఉంచుకోవాలని ఎలాగూ చట్టం ఉంది, మనకి అది ఐ-94. విమానం ఎక్కడానికి పాస్‌పోర్టు సరిపోతుంది, రియల్ ఐడీ (విమానం ఎక్కడానికి పనికొచ్చే రాష్ట్ర గుర్తింపు కార్డు) గొడవ మీకు లేదు.

జలపాతం సంగతి. పార్కు ప్రవేశం ఉచితం, పార్కింగ్‌కే డబ్బు. గోట్ ఐలాండ్ చివర టెర్రాపిన్ పాయింట్ దగ్గర నిలబడితే హార్స్‌షూ జలపాతం అంచు మీ పక్కనే ఉంటుంది. మెయిడ్ ఆఫ్ ది మిస్ట్ పడవ మేలో నడుస్తుంది. కేవ్ ఆఫ్ ది విండ్స్ దగ్గర చెక్క మెట్లని ఏటా చలికాలం ముందు విప్పేసి వసంతంలో మళ్లీ కడతారు. మీ తేదీకి అన్ని అంతస్తులూ తెరిచారో లేదో చూశాకే టికెట్ కొనండి. వాళ్లిచ్చే రెయిన్‌కోటు మోకాళ్ల దాకానే, ప్యాంటు తడుస్తుంది. పొడి బట్ట ఒకటి కారులో పెట్టుకోండి. చీకటి పడ్డాక నీళ్ల మీద రంగుల దీపాలు వేస్తారు, అందుకే ఆ రాత్రి అక్కడే ఉండాలి.

జెర్సీ సిటీ నుంచి:

న్యూయార్క్ భాగం నేను అందుకుంటాను.

ఉండటానికి మా జెర్సీ సిటీలోని జర్నల్ స్క్వేర్ చూడండి. న్యూజెర్సీ నుంచి మన్‌హట్టన్‌కి నడిచే పాత్ రైల్లో వరల్డ్ ట్రేడ్ సెంటర్‌కి పావుగంటలోపు, రాత్రంతా నడుస్తుంది, పక్కనే న్యూవార్క్ అవెన్యూలో మన తిండి. న్యూయార్క్‌లో ఎయిర్‌బీఎన్బీ మీద ఆశ పెట్టుకోకండి. 2023 సెప్టెంబరు నుంచి అమలవుతున్న నిబంధన ప్రకారం 30 రోజుల్లోపు అద్దె అయితే ఇంటివాళ్లు అదే ఇంట్లో ఉండాలి. ఇల్లంతా మీకే అని ఎవరైనా బయట వాట్సాప్‌లో డబ్బు అడిగితే అది మోసమే అనుకోండి.

న్యూవార్క్ ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌ట్రైన్, తర్వాత న్యూజెర్సీ ట్రాన్సిట్ రైలు, న్యూవార్క్ పెన్ స్టేషన్లో దిగి పాత్ రైలు. ఇక్కడే కొత్తవాళ్లు తికమకపడతారు. న్యూవార్క్‌లో ఒక పెన్ స్టేషన్, న్యూయార్క్‌లో ఒక పెన్ స్టేషన్. రైల్లో అనౌన్స్‌మెంటు కూడా దాదాపు ఒకేలా వినబడుతుంది. జర్నల్ స్క్వేర్‌కి వెళ్లేటప్పుడు న్యూవార్క్, ఏడో రోజు ఫిలడెల్ఫియా రైలు న్యూయార్క్ నుంచి బుక్ చేస్తే న్యూయార్క్. ఆ రైలు న్యూవార్క్‌లో కూడా ఆగుతుంది, అక్కడినుంచే బుక్ చేసుకుంటే నదికి అటు వెళ్లి రావడం తప్పుతుంది.

సబ్‌వే టికెట్ 2026 జనవరి నుంచి 3 డాలర్లు. పాత సబ్‌వే కార్డు మెట్రోకార్డు అమ్మకం ఆగిపోయింది, బ్యాంకు కార్డునో ఫోన్నో గేటుకి తాకించడమే. ఏడు రోజుల్లో 35 డాలర్లు దాటాక మిగతావి ఉచితం, కానీ ప్రతిసారీ అదే కార్డు వాడాలి. ఒకసారి ఫోను, ఒకసారి ప్లాస్టిక్ కార్డు తాకిస్తే రెండు వేర్వేరు లెక్కలవుతాయి. ఒకే కార్డు మీద ఇద్దరూ వెళ్లొచ్చు, పరిమితి లాభం మాత్రం ఒక్కరికే. పాత్ ఖర్చు ఇందులో కలవదు. చాలా స్టేషన్లలో అప్‌టౌన్‌కీ (ఉత్తరం వైపు) డౌన్‌టౌన్‌కీ (దక్షిణం వైపు) గుమ్మాలు వేరు. తప్పు గుమ్మంలో తాకించారంటే రోడ్డు దాటి మళ్లీ డబ్బు కట్టాల్సిందే. తాకించేముందు పైన బోర్డు చదవండి.

లిబర్టీ విగ్రహం ద్వీపానికి అధికారిక పడవ స్టాట్యూ సిటీ క్రూజెస్ ఒక్కటే. బ్యాటరీ పార్క్ ఫుట్‌పాత్ మీద జాకెట్లు వేసుకుని టికెట్లు అమ్మేవాళ్లు వేరే పడవలకి అమ్ముతారు, అవి ద్వీపంలో ఆగవు. దూరం నుంచి చూస్తే చాలనుకుంటే స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ ఉచితం, 25 నిమిషాలు, వెళ్లేటప్పుడు కుడివైపు నిలబడండి. మెట్ (మెట్రోపాలిటన్) మ్యూజియంలో టికెట్‌కి ఇష్టమైనంత ఇచ్చే పద్ధతి న్యూయార్క్‌వాళ్లకీ, న్యూయార్క్, న్యూజెర్సీ, కనెక్టికట్ విద్యార్థులకీ మాత్రమే. టెక్సస్ ఐడీకి విద్యార్థి టికెట్ దొరుకుతుంది. బుధవారం సెలవు. పైకెక్కి ఊరు చూసే ఎత్తైన మేడలు ఐదున్నాయి, ఒక్కటి ఎక్కండి. టాప్ ఆఫ్ ది రాక్ నుంచి అయితే ఎంపైర్ స్టేట్ భవనం ఫోటోలో పడుతుంది. అదే ఎక్కితే అది పడదు కదా. బ్రూక్లిన్ వంతెన బ్రూక్లిన్ వైపు హై స్ట్రీట్ స్టేషన్లో దిగి ఇటు నడవండి, మన్‌హట్టన్ ఎదురుగా ఉంటుంది. టైమ్స్ స్క్వేర్‌లో వేషాలు వేసుకున్నవాళ్లు భుజం మీద చెయ్యి వేస్తే ఫోటోకి డబ్బు అడుగుతారు. రిక్షా ధర నిమిషానికి, మొత్తానికి కాదు.

రాక్‌విల్, మేరీల్యాండ్ నుంచి:

ఫిలడెల్ఫియా, వాషింగ్టన్ గురించి. ఆమ్‌ట్రాక్ టికెట్ ఇప్పుడే కొనండి, రోజు దగ్గరపడేకొద్దీ ధర పెరుగుతుంది. ఖరీదైన వేగం రైలు అసెలా అక్కర్లేదు, మామూలు రైలు నార్త్‌ఈస్ట్ రీజినల్ చాలు. న్యూయార్క్ నుంచి ఫిలడెల్ఫియా గంటన్నర, అక్కడినుంచి వాషింగ్టన్ రెండు గంటలు. 50 పౌండ్ల పెట్టెలు రెండేసి ఉచితం.

ఆ రోజు అసలు సమస్య పెట్టెలే. లిబర్టీ బెల్ దగ్గర భద్రతా తనిఖీ ఉంటుంది, పెట్టెలతో పోలేరు. దగ్గర్లో దుకాణాల్లో సామాను దాచే బౌన్స్ లాంటి యాప్‌లో ముందే చోటు తీసుకోండి. లిబర్టీ బెల్‌కి టికెట్ లేదు. ఇండిపెండెన్స్ హాల్‌కి మేలో సమయం రాసిన టికెట్ తప్పనిసరి, రిక్రియేషన్.గవ్‌లో డాలరు. ఆ రెండూ చూసి, ఆర్ట్ మ్యూజియం 72 మెట్లు ఎక్కి దిగితే సాయంత్రం రైలు అందుతుంది.

వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియంలన్నీ ఉచితం, కానీ ఎయిర్ అండ్ స్పేస్‌కి సమయం పాస్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. వాషింగ్టన్ మాన్యుమెంట్ పైకి వెళ్లాలంటే 30 రోజుల ముందు పొద్దున 10కి టికెట్ల బుకింగ్ తెరుస్తారు, డాలరే, నిమిషాల్లో అయిపోతాయి. దొరక్కపోతే అదే రోజు టికెట్లు 15వ వీధిలోని వాషింగ్టన్ మాన్యుమెంట్ లాడ్జ్ అనే టికెట్ కేంద్రం దగ్గర ఉచితంగా ఇస్తారు. వైట్‌హౌస్ లోపలికి విదేశీయులకి అంత తేలిక కాదు, లాఫయెట్ స్క్వేర్ నుంచి చూసి వదిలేయండి. కాపిటల్ నుంచి లింకన్ మెమోరియల్ రెండు మైళ్లు, నీడ తక్కువ. మధ్యాహ్నం మ్యూజియంలో గడిపి, లింకన్ దగ్గరికి రాత్రి పోండి, అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మెట్రోలో లోపలికీ బయటికీ రెండుసార్లు తాకించాలి, దూరాన్ని బట్టి డబ్బు కాబట్టి ఒకే కార్డుతో ఇద్దరూ పోలేరు. గది క్రిస్టల్ సిటీలో తీసుకుంటే రీగన్ ఎయిర్‌పోర్టు ఒక్క స్టేషను దూరం.

కార్డు గురించి ఎవరూ చెప్పలేదు. హోటల్లో దిగేటప్పుడు గది అద్దె కాక ఇంకొంత డబ్బు కార్డు మీద ఆపి ఉంచుతారు. కొత్త విద్యార్థి కార్డుకి పరిమితి 500 డాలర్లుంటే ఒక్క హోటల్‌తోనే నిండిపోతుంది, మర్నాడు కారు కౌంటర్లో కార్డు పనిచేయదు. డెబిట్ కార్డు ఇస్తే అసలు డబ్బే ఆగుతుంది, వెనక్కి రావడానికి రోజులు పడుతుంది. కారు ఒకరి కార్డు మీద, హోటల్ ఇంకొకరి కార్డు మీద వేయండి. బుకింగ్‌లో ఇద్దరి పేర్లూ పెట్టించండి, లేకపోతే ముందు చేరినవాడు లాబీలో కూర్చోవాలి. ఖర్చులు ఏ రోజువి ఆ రోజే లెక్కలు పంచే యాప్ స్ప్లిట్‌వైజ్‌లో ఎక్కించండి. ఆఖరి రోజు రసీదులు పరుచుకుని కూర్చుంటే గొడవలే.

హెర్న్‌డన్, వర్జీనియా నుంచి:

తిండి ముచ్చట ఒక్కటి. ఆవకాయ చేతి సంచిల పెడితే 100 మిల్లీలీటర్ల రూలు కిందికి వస్తది, చెత్తడబ్బాల ఏస్తరు. కందిపొడి, కారప్పొడి తేవచ్చు, గని 350 మిల్లీలీటర్లు దాటితే వేరే తీసి చూపియ్యాలె, డబ్బా మూత తెరిపిస్తరు కూడ. చిన్న రైస్ కుక్కర్ హోటల్ గదిల నడుస్తది, అన్నం, పొడి, పెరుగుతోని రాత్రి గడుస్తది. పోపు మాత్రం పెట్టకుర్రి, స్మోక్ అలారం మోగితే హోటలంత బయటికొస్తది. న్యూయార్క్‌ల ఒక పొద్దున 7వ నంబరు రైలెక్కి ఆఖరి స్టేషన్ ఫ్లషింగ్ పోయి, బౌన్ స్ట్రీట్ గణపతి గుడిల దండం పెట్టుకొని కింద క్యాంటీన్ల దోసె తిని రార్రి. శనాదివారాలు లైను పెద్దగుంటది, మామూలు రోజే పోవుర్రి.