పాత హత్య కేసు: మనకు తట్టిన పేరు బయటపెట్టాలా, వద్దా?

తీగలాగు:
ముప్పై, నలభై ఏళ్ల కిందటి హత్య. దోషి తేలలేదు, ఫైలు అటకెక్కింది. అలాంటి కేసు మీద సొంతంగా పనిచేసేవాళ్లు పాత పత్రికలు, కోర్టు కాగితాలు, శవపరీక్ష నివేదిక, మిగిలున్న సాక్షుల మాటలు కూడగట్టారు. అన్నీ ఒకే మనిషి దగ్గరికి వస్తున్నాయి. ఆ పేరు బయటపెట్టాలా, వద్దా? పెట్టాలనే నేనంటాను. అప్పుడు నలభై ఏళ్లున్న సాక్షికి ఇప్పుడు ఎనభై. మనం మర్యాద పాటిస్తూ కూర్చుంటే తెలిసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతారు. "ఆ రాత్రి ఏమైనా చూశారా" అని ఊరంతటినీ అడిగితే ఎవరూ పలకరు. "ఫలానా ఆయన ఆ రాత్రి ఎక్కడున్నాడు" అంటేనే జ్ఞాపకం కదులుతుంది. తీగ లాగితేనే డొంక కదిలేది. బహిరంగం చేస్తే పనవుతుందనడానికి అమెరికాలో జోడియాక్ అని తనకు తానే పేరు పెట్టుకున్న హంతకుడి కేసే సాక్ష్యం. 1969లో హంతకుడు 408 గుర్తుల సంకేత లేఖను మూడు ముక్కలు చేసి మూడు పత్రికలకు పంపాడు. పత్రికలు అచ్చేశాయి. వారం పది రోజుల్లోనే ఒక బడిపంతులు, ఆయన భార్య కలిసి దాన్ని విప్పేశారు. లోపలే దాచి ఉంటే వాళ్ల చేతికి ఎలా అందేది?

నిదానం:
మీరు చెప్పిన ఉదాహరణ మీ వాదనకే ఎదురు తిరుగుతోందండీ. అక్కడ అచ్చయింది ఆధారం. పేరు కాదు. అదే హంతకుడి 340 గుర్తుల లేఖ 51 ఏళ్లు ఎవరికీ లొంగలేదు. 2020 డిసెంబరులో అమెరికా, ఆస్ట్రేలియా, బెల్జియంలలో ఉండే ముగ్గురు ఔత్సాహికులు విప్పారు, ఎఫ్‌బీఐ ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుంది? లేఖను మూడు భాగాలు చేసి, మొదటి రెండు భాగాల్లో ఒక్కో గుర్తుకు ఒక వరుస కిందికి, రెండు గడులు పక్కకు జరుగుతూ చదవాలని వాళ్లు చూపించారు. ఆ పద్ధతి చేతిలో ఉంటే ఎవరైనా కాగితం మీద చేసి చూసుకోవచ్చు, అదే వాక్యం వస్తుంది. "ఫలానా మనిషి చంపాడు" అనే మాటను అలా సరిచూసుకునే దారి లేదు. నమ్మడమో మానడమో, అంతే. ఆ ముగ్గురూ హంతకుడు ఎవరో చెప్పే ప్రయత్నం చేయలేదు, చేసిన పని మాత్రం నిలబడింది.

పేరు ముందు పెడితే ఏమవుతుందో 2013లో బోస్టన్ మారథాన్ బాంబు పేలుళ్ల తర్వాత చూశాం. రెడ్డిట్ అనే చర్చావేదికలో ఫొటోలు పోల్చి, కనబడకుండా పోయిన ఒక విద్యార్థిని అనుమానితుడిగా చెప్పారు. ఆ అబ్బాయికి దాంతో ఏ సంబంధమూ లేదు, అప్పటికే చనిపోయి ఉన్నాడు. కొడుకు కోసం వెతుక్కుంటున్న ఇంటి మీద ఆ నింద పడింది. రెడ్డిట్ క్షమాపణ చెప్పింది. ఆ రోజుల్ని ఆ కుటుంబానికి ఎవరు వెనక్కిస్తారు?

కొలతబద్ద:
"అన్నీ ఒకే మనిషి దగ్గరికి వస్తున్నాయి" అన్న మాట దగ్గరే ఆగాలి. చాలాసార్లు వచ్చేవి ఆధారాలు కావు, మనం వాటిని కుదించిన తీరు.

మరణ సమయాన్నే తీసుకోండి. నివేదికలో "రాత్రి సుమారు 9 గంటలకు" అని ఉంటుంది. దాన్ని పట్టుకుని 9కి ఎవరెవరు ఎక్కడున్నారో పట్టిక వేస్తారు. శరీర ఉష్ణోగ్రతను బట్టి లెక్కగట్టే హెన్స్‌గే పద్ధతిలో, అన్ని కొలతలూ సవ్యంగా తీసినా, మంచి పరిస్థితుల్లో కూడా అటూ ఇటూ 2.8 గంటల తేడా ఉంటుంది. అంటే ఐదున్నర గంటలకు పైగా వ్యవధి. పాత కేసుల్లో గది ఉష్ణోగ్రతే రాసి ఉండదు, బట్టలు తడిగా ఉన్నాయో లేదో ఉండదు. శవం బిగుసుకుపోవడం చూసి చెప్పిన సమయమైతే ఇంకా వదులు. ఎండ వేడికి అది త్వరగా వస్తుంది, త్వరగా పోతుంది. 9ని చెరిపి 6 నుంచి 12 అని రాయండి. నిర్దోషి అని మీరు కొట్టేసిన నలుగురు మళ్లీ జాబితాలోకి వస్తారు. అదే నివేదికలో జనం దాటేసి పోయే వాక్యం ఒకటుంటుంది: రక్తం కిందికి దిగి ఏర్పడ్డ మచ్చలు ఒంటికి ఏ వైపున ఉన్నాయని. శవం బోర్లా దొరికి, మచ్చలు వీపున స్థిరపడి ఉంటే, చనిపోయిన కొన్ని గంటల తర్వాత ఎవరో కదిపారని అర్థం. గంట కంటే ఆ ఒక్క వాక్యం ఎక్కువ చెబుతుంది.

ఇక "వెన్నెల్లో ముఖం చూశాను" అన్న సాక్షి. ఆ తేదీన చంద్రుడు ఎప్పుడు పొడిచాడో, ఎంత భాగం వెలిగిందో ఎన్నేళ్ల కిందటిదైనా లెక్క కట్టవచ్చు. అమావాస్యకు దగ్గరైతే ఆ మాట అక్కడే ఆగిపోతుంది. పౌర్ణమి అయినా నమ్మకండి. ముఖాల గుర్తింపు మీద 1990లలో ప్రయోగాలు చేసిన డచ్చి మనస్తత్వవేత్త విల్లెం వాగెనార్ ఇచ్చిన కొండగుర్తు ఇది: 15 మీటర్లకు మించిన దూరంలో, లేదా 15 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురు కొలత) తగ్గిన వెలుతురులో చేసిన గుర్తింపును గట్టి ఆధారంగా తీసుకోకూడదు. నిండు పున్నమి వెలుతురు అర లక్స్ కూడా ఉండదు. సాక్షి అబద్ధమాడాడని కాదు. నడక చూసి, ఎత్తు చూసి, ఆ దారిన రోజూ వెళ్లేది ఎవరో తలచుకుని, ముఖాన్ని మనసే పూరించుకుంది.

పాతకాగితం:
పత్రికల సంగతి కూడా చెప్పాలి, ఎక్కువమంది బోల్తాపడేది అక్కడే. ఎనిమిది పత్రికలు ఒకే మాట రాస్తే ఎనిమిది ఆధారాలని లెక్కేస్తారు. పక్కపక్కన పెట్టి చదివితే వాక్యాలు ఒకటే, పేరులో అక్షర దోషం కూడా ఒకటే. అన్నీ ఒకే వార్తా సంస్థ కాగితంలోంచి పుట్టాయి. అంటే ఒక్క ఆధారం. రెండోది, "నిన్న రాత్రి". పత్రిక మీది తేదీ నుంచి ఒక రోజు వెనక్కి లెక్కేస్తాం. సంచిక ఆలస్యంగా అచ్చయినా, దూరపు విలేఖరి వార్త ఒక రోజు ఆగి అందినా లెక్క తప్పుతుంది. అర్ధరాత్రి దాటిన ఘటన అయితే మరీ గందరగోళం; 12:30ని ఒకరు ముందు తేదీ కింద, ఇంకొకరు తర్వాతి తేదీ కింద రాస్తారు.

అందుకే పట్టికలో ఆరు గడులుండాలి. కాగితంలో సమయం ఎలా రాశారో అక్షరం మార్చకుండా, దాన్ని మనం ఏ సమయంగా అర్థం చేసుకున్నాం, చెప్పిందెవరు, వాళ్లకెలా తెలుసు (చూశారా, విన్నారా, ఊహించారా), ఎప్పుడు చెప్పారు, ఏ కాగితంలో ఏ పేజీ. ఎప్పుడు చెప్పారన్న ఐదో గడి వేయనివాళ్లే ఎక్కువ. మొదటి రోజు వాంగ్మూలంలో లేని నల్ల కారు పదేళ్ల తర్వాతి ఇంటర్వ్యూలో కనిపిస్తే, ఈ మధ్యలో దాన్ని పరిచయం చేసిందెవరని వెతకాలి. సాధారణంగా ఏదో పత్రిక దొరుకుతుంది.

తీగలాగు:
ఇవన్నీ ఒప్పుకుంటాను. పట్టిక జాగ్రత్తగా వేయాలన్నది వేరు, తేలిన పేరు నోట్లో దాచుకోవాలన్నది వేరు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేవాడు తడుముకుంటాడు. పేరు పడితే ఆ మనిషి మాట్లాడాల్సి వస్తుంది, ఆ రాత్రి ఎక్కడున్నాడో చూపించుకోవాల్సి వస్తుంది. నిర్దోషి అయితే చూపించుకుంటాడు.

కొలతబద్ద:
నలభై ఏళ్ల కిందటి ఒక మంగళవారం రాత్రి ఎక్కడున్నారో ఎవరు చూపించగలరండీ? నిర్దోషి కూడా భుజాలు తడుముకుంటాడు, భయంతో. ఆ సామెత వెంటనే, అప్పటికప్పుడు పనిచేస్తుంది. దశాబ్దాలు గడిచాక చేతిలో టికెట్టు ముక్క, జీతాల పుస్తకం ఉండవు. తోడు ఉన్న మనిషి ఉండడు. నిరూపించుకునే దారులు మూసుకుపోయాక నిరూపించుకోమనడం అన్యాయం.

మీకు తట్టిన పేరు మీద మీకు అంత నమ్మకముంటే ఒక పరీక్ష పెట్టండి. ఆ కాలంలో అదే చుట్టుపక్కల ఉన్న, అదే వయసున్న ముగ్గురిని చీటీ వేసి ఎంచుకోండి. మీ అనుమానితుడి మీద పెట్టినంత సమయం, ఉదాహరణకు ఇరవై గంటలు, ఒక్కొక్కరి మీదా పెట్టండి. దారి తెలుసు, ఆ రాత్రి ఎక్కడున్నాడో రాసి లేదు, హతురాలితో పరిచయముంది, తర్వాత ఊరు మారాడు: ఈ నాలుగూ ఆ ముగ్గురిలో ఇద్దరికి సరిపోయాయంటే, మీ పద్ధతి ఎవరినైనా దోషిగా చూపిస్తుందన్నమాట.

వంశవృక్షం:
డీఎన్ఏ ఉంటే ఈ గొడవే లేదనుకునేవాళ్ల కోసం రెండు మాటలు. గోల్డెన్ స్టేట్ కిల్లర్‌ను 2018 ఏప్రిల్‌లో పట్టుకున్నది వంశవృక్షాల ద్వారానే. కాలిఫోర్నియాలో 1970లు, 80లలో జరిగిన హత్యలవి. జనం తమ డీఎన్ఏ ఫలితాలు పెట్టి బంధువులను వెతుక్కునే జెడ్‌మ్యాచ్ అనే వెబ్‌సైటులో దొరికినవి దూరపు చుట్టరికాలు. 1800ల తొలినాళ్ల ఉమ్మడి పూర్వీకుల దాకా వెళ్లి అక్కడి నుంచి కొమ్మలన్నీ కిందికి గీసుకుంటూ వచ్చారు. తాతకు తాత దగ్గర కలిసే ఇద్దరికి సగటున 73 సెంటీమోర్గన్ల (పంచుకున్న డీఎన్ఏకు కొలత) డీఎన్ఏ ఉమ్మడిగా ఉంటుంది. కానీ అదే 73 ఇంకా దగ్గరి, ఇంకా దూరపు బంధుత్వాలకూ వస్తుంది. అంకె నుంచి మనిషి దాకా వెళ్లే దారంతా పుట్టిన రోజుల, పెళ్లిళ్ల, చావుల రికార్డుల పని. దత్తత ఒక్కటి తెలియకపోతే చాలు, చెట్టు పక్క ఇంట్లోకి తిరుగుతుంది.

తీగలాగు గారూ, ఈ కేసులోనే 2017లో జరిగింది చూడండి. అరుదైన ఒక జన్యు గుర్తు కలిసిందని ఆరెగాన్‌లో ఒక వృద్ధాశ్రమంలో ఉన్న 73 ఏళ్ల మనిషి దగ్గర నమూనా తీసుకున్నారు. ఆయన కాదని తేలింది. కోర్టు అనుమతితో, పోలీసుల చేతుల్లో, చాటుగా జరిగింది కాబట్టి అక్కడితో ఆగింది. ఆ పేరు ముందే ఎక్కడో వేసి ఉంటే? అసలు నిందితుడి విషయంలోనూ కారు తలుపు మీది నమూనా, చెత్తబుట్టలోని కాగితపు రుమాలు పోల్చి, కలిశాకే అరెస్టు చేశారు. ఆ తర్వాతే పేరు బయటికి వచ్చింది.

సరిచూడనివ్వని డీఎన్ఏ ఎలా ఉంటుందో జాక్ ది రిప్పర్ శాలువా చూపించింది: 1888లో లండన్‌లో వరుస హత్యలు చేసిన ఆ హంతకుడి చేతిలో చనిపోయిన ఒకావిడ దగ్గర దొరికిందని చెప్పే శాలువా అది. 314.1సీ అనే అరుదైన జన్యు మార్పు దొరికిందని 2014లో చెప్పారు. అది 315.1సీని తప్పుగా రాసుకోవడమని ఇతర శాస్త్రవేత్తలు చూపించారు. ఆ 315.1సీ యూరప్ మూలాలున్న వాళ్లలో 99 శాతానికి పైగా ఉంటుంది. ఒక్క అంకె తేడా. 2019లో వచ్చిన పరిశోధన పత్రంలో జన్యు వరుస ఇవ్వాల్సిన చోట రంగు గడులు వేశారు. పైగా హతురాలి ఒంటి మీది వస్తువుల పోలీసు జాబితాలో ఆ శాలువాయే లేదు.

నిదానం:
ఇక్కడ నేను కొలతబద్ద గారితో కూడా విభేదిస్తున్నాను. పేరు దాచి పట్టిక మొత్తం బయటపెట్టేద్దామన్న ధోరణి మనలో బలంగా ఉంది. అదీ ప్రమాదమే. హంతకుడికీ దర్యాప్తు చేసినవాళ్లకూ మాత్రమే తెలిసిన ఒకటి రెండు వివరాలను పోలీసులు కావాలనే దాస్తారు: ముడి ఎలా వేశారు, ఏ వస్తువు పోయింది, దీపం ఆర్పి ఉందా అన్నవి. ఎప్పుడైనా ఒకరు నేరం ఒప్పుకుంటే ఆ మాట నిజమో కాదో తేల్చే ముఖ్యమైన కొలమానం అదే. శవపరీక్ష నివేదిక పేజీ ఫొటో తీసి పెడితే ఆ కొలమానం పోయినట్టే.

ఒప్పుకోలును ఒంటరిగా నమ్మితే ఏమవుతుందో 1996 నాటి ఐడహో ఫాల్స్ హత్య చెబుతుంది. డీఎన్ఏ కలవకపోయినా, ఒప్పుకున్నాడన్న ఆధారంతో ఒక యువకుడికి 1998లో శిక్ష పడింది. 2017 దాకా జైల్లో ఉన్నాడు. అసలు మనిషి 2019లో దొరికాకే అతడి మీద మచ్చ పోయింది.

కొలతబద్ద:
ఆ అభ్యంతరం న్యాయమైనదే. గాయాలు, ముడులు, వస్తువులు, గది అమరిక ఈ నాలుగూ పట్టికలోంచి తీసేస్తాను. పత్రికల్లో ఇదివరకే వచ్చినవైనా సరే. ఒకచోట చేర్చి పెట్టడంతోనే కొత్త నష్టం జరుగుతుంది. చంద్రుడు, దారులు, నడక దూరాలు, పత్రికల తేదీలు మాత్రం బహిరంగంగానే ఉండాలి. ఎవరైనా తప్పు పట్టుకుంటే మనకే మేలు.

తీగలాగు:
సరే. అయితే సాక్షులు వెళ్లిపోతున్నారన్న నా మొదటి మాటకు ఎవరూ జవాబివ్వలేదు. దర్యాప్తు సంస్థకు పంపితే చూస్తారన్న భరోసా ఏది?

పాతకాగితం:
సాక్షి కోసం పేరు అక్కర్లేదండీ, రికార్డర్ కావాలి. పేరు చెప్పి అడిగితే ఆ సాక్షి ఇక పనికిరాడు. తర్వాత ఏం గుర్తొచ్చినా మీరు పెట్టిందేనని ఎదుటి లాయరు ఒక్క ప్రశ్నతో తేల్చేస్తాడు. "ఆ రోజు పొద్దుటి నుంచి ఏం గుర్తుందో చెప్పండి" అని మొదలుపెట్టి, అడ్డు తగలకుండా పూర్తిగా చెప్పనివ్వాలి. రెండో విడతలో "అది మీకెలా తెలిసింది" అన్న ఒక్క ప్రశ్నే మళ్లీ మళ్లీ అడగాలి. ఇంకో సాక్షి చెప్పింది వినిపించకూడదు, ఒంటరి ఫొటో చూపించకూడదు. మొదట్లోనే తేదీ, సమయం, గదిలో ఎవరెవరున్నారో రికార్డులో చెప్పాలి. అసలు ఫైలు కత్తిరించకుండా రెండు చోట్ల దాచాలి. ఎవరైనా పాత ఉత్తరమో బట్టో తెచ్చి ఇస్తే విప్పకండి. ప్లాస్టిక్ సంచిలో పెట్టకండి, తేమకు బూజు పడుతుంది. కాగితపు కవరులో పెట్టి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎప్పుడు వచ్చిందో రాసి అప్పగించాలి. కవరు అంటించిన జిగురులో ఉమ్మి ఉండొచ్చు, ఉత్తరంలోని మాటల కంటే అదే విలువైనది కావచ్చు.

దర్యాప్తు సంస్థకు రెండు వందల పేజీలు పంపితే ఎవరూ చదవరు. రెండు పేజీలు రాయండి. పాత ఫైల్లో లేని కొత్త విషయం ఏమిటన్నది మొదటి పేరాలో ఉండాలి. దాన్ని సరిచూసే దారి రెండో పేరాలో: ఏ వస్తువును ఏ పరీక్షకు పంపాలి, ఎవరిని ఏమడగాలి. ఆ వస్తువు ఇంకా భద్రంగా ఉందా అని నేరుగా అడగండి, అధికారి చేత ఫైలు తెరిపించే ప్రశ్న అదే. మన అంచనా తప్పని ఏది దొరికితే తేలుతుందో కూడా రాయండి. పేరు రెండో పేజీ చివర. అందినట్టు రసీదు తీసుకుని, ఏడాదికోసారి కొత్త విషయం ఉంటేనే మళ్లీ రాయాలి.

తీగలాగు:
అనుమానితుడు చనిపోయి ఉంటే? అప్పుడు కోర్టు లేదు, శిక్ష లేదు. చనిపోయినవాళ్లు పోయారు, హతురాలి తోబుట్టువులు ఇంకా ఎదురుచూస్తున్నారు. అలాంటప్పుడైనా పేరు చెప్పడం తప్పెలా అవుతుంది?

నిదానం:
చనిపోతే కోర్టు ఉండదు కాబట్టే మనం ఇంకా గట్టిగా ఉండాలి. ఎదురు ప్రశ్న వేసే లాయరు కూడా లేడు. ఆయన పిల్లలు, మనవలు అదే ఇంటిపేరుతో తిరుగుతుంటారు. తోబుట్టువులకు చెప్పడం వేరే సంగతి. అది కూడా వాళ్లు అడిగితేనే, పట్టికతో సహా, ఏది తేలలేదో ముందు చెప్పి. కొందరికి ఒక పేరు కావాలి. కొందరు ఆ తలుపు మూసి ఏళ్లయింది.

తీగలాగు:
ఏడాదికోసారి ఉత్తరం అన్నారు. మూడేళ్లు జవాబు రాకపోతే ఏం చేస్తారో మీలో ఒక్కరూ చెప్పలేదు. నేనైతే అప్పటికీ పేరు వేయాలనే అంటాను. కాకపోతే సాక్షులను పేరు చెప్పకుండా రికార్డు చేసే పని ముందు పూర్తిచేయాలన్నది ఒప్పుకుంటున్నాను. కొలతబద్ద గారూ, ఆ ముగ్గురి చీటీ పరీక్షలో వయసు ఎంత తేడా దాకా పట్టించుకోవాలి?

కొలతబద్ద:
ఐదేళ్లు అటూ ఇటూ. ఆ కాలపు ఓటర్ల జాబితా దొరికితే వయసు, చిరునామా రెండూ అందులోనే ఉంటాయి. చీటీ వేసేది మీరు కాకుండా, మీ అనుమానితుడి పేరు తెలియనివాళ్ల చేత వేయించండి.