అప్‌డేట్: మలుపుల్లో స్టీరింగ్ ఆలస్యంగా స్పందించడానికి అసలు కారణం తెలిసింది

మలుపుల్లో కారు ఒరుగుతోందని, స్టీరింగ్ తిప్పిన క్షణం తర్వాత గానీ స్పందించడం లేదని చెబుతూ, కారు ఎత్తు తగ్గించే లోయరింగ్ స్ప్రింగులు వేయించాలా, టైర్లు మార్చాలా అని ఇక్కడ అడిగాను. కొత్తవి కొనే ముందు ఉన్న భాగాలను పరీక్ష చేయించమన్నవారికి నా కృతజ్ఞతలు, ఆ సలహాయే ఫలించింది.

మెకానిక్ కారును పైకెత్తి, చక్రాన్ని కారు అడుగుభాగానికి కలిపే లోయర్ ఆర్మ్‌ను కడ్డీతో కదిపినప్పుడు, దాని కీలు దగ్గర రబ్బరుతో ఉండే వెనుక బుష్‌లోని రబ్బరు చీలిపోయి ఆర్మ్ ముందుకూ వెనక్కూ జరగడం కళ్లారా చూశాను. టైర్ల మీది తయారీ సంకేతం 2316, అంటే 2016లో 23వ వారం. ట్రెడ్ (టైరు మీది గాడుల) లోతు మిగిలే ఉన్నా రబ్బరు గోరు దిగనంతగా గట్టిపడింది. రెండు వైపులా బుష్‌లు మార్చి, చక్రాలు నేలకు ఆని కారు బరువు పడిన తర్వాతే బోల్టులు పూర్తిగా బిగించారు. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి త్వరగా చిరుగుతుంది కనుక ఈ విషయం దయచేసి గుర్తుంచుకోండి. ఆపై అదే సైజులో మంచి పట్టున్న టైర్లు వేయించి, వీల్ అలైన్‌మెంట్ చేయించాను.

స్టీరింగ్ ఆలస్యం పూర్తిగా పోయింది. ఒరుగుదల కొద్దిగా ఉన్నా ఇబ్బంది పెట్టడం లేదు. షాక్ అబ్జార్బర్లలో లోపం లేదు; లోయరింగ్ స్ప్రింగులు, స్ట్రట్ బార్ (సస్పెన్షన్ పైభాగాలను రెండు వైపులా కలిపి బిగించే కడ్డీ) అవసరమే రాలేదు.