ముదురు మేకపోతు తోలు నడుమ పచ్చిగానే ఉండిపోయింది, ఏం చేయాలి?

ప్రశ్న:
రెండు మేకతోళ్లు ఒకే తొట్టిలో వేశాను, ఒకటి ఏడాది కూడా నిండని పిల్లది, ఇంకోటి బాగా ముదిరిన పోతుది. వెంట్రుకలు ఊడటానికి సున్నంలోనూ, తర్వాత తోలు పదునెక్కడానికి చెట్టు బెరడు రసంలోనూ రెండూ సమానంగా నానాయి. పిల్ల తోలు గుడ్డలా మెత్తగా వచ్చింది. పోతుది మాత్రం ఆరాక రేకులా బిగుసుకుపోయింది, మెడ దగ్గర కోసి చూస్తే రెండు వైపులా గోధుమ రంగు, నడుమ తెల్లటి గీత. అంత కష్టపడి గీకిన తోలు పారేయాలంటే మనసు రావట్లేదు.

జవాబు:
ఆ తెల్ల గీత ఉన్నంత మేర అది ఇంకా పచ్చితోలేనండీ, రసం అక్కడిదాకా దిగలేదు. వయసు పెరిగేకొద్దీ తోలు మందమవుతుంది, లోపలి పీచు లావెక్కుతుంది, కొలాజెన్ (తోలుకి బలాన్నిచ్చే ప్రొటీన్) పోగుల మధ్య బంధాలు గట్టిపడతాయి, అందుకే ముదురు తోలుకి నానడం దగ్గర్నుంచి ప్రతి దశలోనూ ఎక్కువ రోజులు పడతాయి. పోతు మెడ అయితే మరీ మందం. మొదట్లోనే చిక్కటి రసంలో వేశారా?

ప్రశ్న అడిగినవారు:
అవునండీ, త్వరగా పడుతుందని మొదటి రోజే చిక్కగా కలిపాను.

జవాబు:
అక్కడే దెబ్బతింది. చిక్కటి రసం పైపొరని ముందే బిగించేస్తుంది, ఇక లోపలికి దారి ఉండదు. లేత తోలు పల్చన కాబట్టి తట్టుకుంది. పారేయకండి, మంచినీళ్లలో పూర్తిగా మెత్తబడేదాకా నానబెట్టి, మాంసం వైపు నుంచి మెడ, వెన్ను భాగాలు పల్చగా గీకి, మళ్లీ పల్చటి రసంతో మొదలుపెట్టి మెల్లగా చిక్కదనం పెంచండి. రోజులు లెక్కపెట్టొద్దు, మెడ అంచున చిన్న ముక్క కోసి చూడండి, రంగు ఈ వైపు నుంచి ఆ వైపుకి ఒకేలా ఉంటేనే తీయండి.

ఇంకొకరి జవాబు:
ఈసారి రెండిటికీ వేరే తొట్లు పెట్టండి, ఎందుకంటే ముదురు తోలుకి సరిపోయేంత సేపు లేతదాన్ని సున్నంలో ఉంచితే పీచు వదులైపోయి పైపొర పాడవుతుంది, అది మళ్లీ బాగుపడదు. లేత తోలు అందమంతా ఆ పైపొరలోనే ఉంది. వెంట్రుక కుదుళ్లు పుట్టుకతో ఎన్ని ఉంటాయో దాదాపు అన్నే ఉంటాయి, తోలు పెరిగేకొద్దీ అవి ఎడంగా జరుగుతాయి, అందుకే పిల్ల తోలు మీద రంధ్రాలు దగ్గర దగ్గరగా, సన్నగా కనిపిస్తాయి. పోతు తోలు మీద ముళ్ల గీతలూ పురుగు కుట్టిన మచ్చలూ కూడా ఉండే ఉంటాయి, దాన్ని పైకి కనిపించని చోట, గట్టిదనం కావాల్సిన పనికి వాడుకోండి.