2015 ఫోర్డ్ మస్టాంగ్ జీటీకి ఇంటేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టాల పెట్టె) మార్చాలా? మారిస్తే ఏది?

నల్లగుర్రం15:
అన్నలూ, డాలస్ దగ్గర ఉంటాను. బండి 2015 జీటీ, 5.0 కొయోటీ వీ8 ఇంజిన్, మాన్యువల్ గేర్లు. ఇంజిన్‌కి కోల్డ్ ఎయిర్ ఇంటేక్, ట్యూన్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగుల మార్పు) తప్ప ఏమీ చేయించలేదు. రోజూ ఆఫీసుకి ఇదే, నెలకోసారి డ్రాగ్ స్ట్రిప్‌కీ (తిన్నగా పరుగు పందెం పెట్టే ట్రాక్) ఇదే. మానిఫోల్డ్ కోసం డబ్బులు పక్కన పెట్టాను. బాస్ 302ది, 2018 జీటీది, జీటీ350ది చూస్తున్నా. మనసు బాస్ మీదే ఉంది. తిట్టేవాళ్లు కారణం చెప్పి తిట్టండి.

పాతబోల్టు:
కారణం చెప్పే తిడతా తమ్ముడూ. ఫోర్డ్ వాళ్ల అంకెలే చూడు. 2012లో మామూలు జీటీ 412 హార్స్‌పవర్, 390 పౌండ్-ఫీట్ టార్క్. బాస్ 302 అయితే 444, 380. పైన 32 వచ్చింది, టార్క్ 10 పోయింది. బాస్ మానిఫోల్డ్‌లోని పొట్టి రన్నర్ల (సిలిండర్‌కి గాలి తెచ్చే గొట్టాలు) బేరం అదే. పొద్దున ఎనిమిదింటికి 635 హైవే ట్రాఫిక్‌లో నీ ఆర్‌పీఎం సూది ఎక్కడుంటుందో నీకు తెలీదా?

నెల్లూరు_వీ8:
పాతబోల్టు గారూ, సగం లెక్క దాచారు. బాస్‌కి హెడ్లు (వాల్వులుండే పైభాగాలు) వేరు, వాల్వులు తెరిచే క్యామ్‌లు వేరు. తేడా అంతా మానిఫోల్డ్ ఖాతాలో రాసేస్తే ఎలా? పైగా హార్స్‌పవర్ అంటే టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి 5252తో భాగించడమే. 3000 దగ్గర 20 పౌండ్-ఫీట్ పోతే నష్టం 11 హార్స్‌పవర్. 7000 దగ్గర అదే 20 వస్తే లాభం 27కి దగ్గర. స్ట్రిప్ మీద గేరు మార్చినా సూది 5000 కిందికి ఎలాగూ రాదు.

పాతబోల్టు:
రాదా? ఆ గేర్‌బాక్స్‌లో ఒకటో గేరు 3.66, రెండోది 2.43. 7000 దగ్గర మారిస్తే సూది పడేది సుమారు 4650కి. రెండు నుంచి మూడుకి (1.69) మారిస్తే 4870. పొట్టి రన్నర్ అక్కడ ఇంకా ఆవులిస్తూ ఉంటుంది.

నెల్లూరు_వీ8:
సరే, ఆ రెండు షిఫ్టులు మీవి. మూడు నుంచి నాలుగుకి 5470 దగ్గర పడుతుంది. అక్కణ్ణుంచి నావి.

డైనో_బావ:
ఇద్దరూ కాస్త ఊపిరి పీల్చుకోండి. ఇంజిన్ పీల్చే సంగతే చెబుతా. వాల్వ్ తెరుచుకోగానే సిలిండర్ గుంజిన గుంజుడుకి ఒక అల రన్నర్ వెంట ప్లీనం (రన్నర్లన్నీ కలిసే గాలి పెట్టె) దాకా పోతుంది. అక్కడ తిరగబడి ఒత్తిడి అలగా వెనక్కి వస్తుంది. వాల్వ్ మూసుకునేలోపు సరైన సమయానికి చేరితే కాస్త గాలి ఉచితం. అల వేగం సెకనుకి సుమారు 340 మీటర్లు. పోర్టుతో కలిపి దారి 40 సెంటీమీటర్లు అనుకుందాం, పోయి రావడానికి 2.35 మిల్లీసెకన్లు. ఈలోపు క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్ట్) 3000 ఆర్‌పీఎం దగ్గర 42 డిగ్రీలు తిరుగుతుంది, 6000 దగ్గర 85. అల తన పాటికి తను వస్తుంది, తొందరంతా క్రాంక్‌దే. అందుకే ఒకే పొడవు అన్ని చోట్లా కలిసి రాదు. క్యామ్ టైమింగ్ జరిపి ట్యూనర్ కొంత సర్దగలడు, మొత్తం కాదు. ట్యూన్ మార్చకుండా మానిఫోల్డ్ మాత్రం మార్చే ఆలోచన ఉంటే డబ్బులు ఇంటికి పంపుకో.

నన్నడిగితే 2018ది. నీ 80 మిల్లీమీటర్ల థ్రాటిల్ బాడీ (గాలి లోపలికి వచ్చే ద్వారం) దానికి సరిపోతుంది. జీటీ350ది పూర్తిగా వాడుకోవాలంటే 87 థ్రాటిల్ బాడీ కూడా కొనాలి. సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలి బలంగా నెట్టే పంపు) పెట్టించుకున్నవాళ్లు విప్పేసిన 2018వి సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతాయి. నీకూ రేపెప్పుడో పైన కూర్చునే సూపర్‌చార్జర్ ఆలోచన ఉంటే మాత్రం ఏదీ కొనకు. దానితో పాటే మానిఫోల్డ్ వస్తుంది, ఇది గ్యారేజ్ అటక మీదకి పోతుంది.

బే_ఏరియా_బండి:
స్మాగ్ (పొగ తనిఖీ) సంగతి ఎవరూ ఎత్తలేదేం? మా కాలిఫోర్నియాలో బానెట్ ఎత్తి కూడా చూస్తారు, పార్ట్‌కి రాష్ట్రం ఇచ్చిన ఈఓ (అనుమతి) నంబర్ లేకపోతే ఫెయిల్. డాలస్ కౌంటీలో మీకు ఎమిషన్ టెస్ట్ ఇంకా ఉంది కదా. 2015 మానిఫోల్డ్‌లో తక్కువ ఆర్‌పీఎం దగ్గర మూసుకునే రెక్కలుంటాయి, బాస్‌దాంట్లో ఉండవు. చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే స్ట్రిప్ టైమ్ చూపించి బయటపడలేవు.

పాతబోల్టు:
ఇంకోటి. ఏది పెట్టినా 7500 దాకా తిప్పాలని ఉబలాటపడకు. ఆయిల్ పంప్ గేర్లు పాతవే, అంత వేగానికి విరగొచ్చు అని గుర్తుంచుకో.

నల్లగుర్రం15 (మూడు వారాల తర్వాత):
2018దే పెట్టా, సెకండ్‌హ్యాండ్. బాస్ ఆశ మీద నీళ్లు చల్లింది టెస్ట్ భయం, 4650 లెక్క. పాతది ఎత్తగానే రెండు బ్యాంకుల (సిలిండర్ వరసల) మధ్య లోయలో పెకాన్ తొక్కలు, ఎలుక గూడు! ఎనిమిది పోర్టులకీ నీలం టేపు అంటించి, వాక్యూమ్ పెట్టి గంటసేపు శుభ్రం చేశా. స్టార్ట్ చేస్తే సన్నగా ఈల. మర్నాడు చెక్ ఇంజిన్ కోడ్లు పీ0171, పీ0174 రెండూ వచ్చాయి. రెండు బ్యాంకులూ లీన్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ). పార్ట్ అమ్మినవాణ్ణి మనసులో బాగా తిట్టుకుని మళ్లీ విప్పితే తప్పు నాదే. పాత గ్యాస్కెట్లే వాడా, వెనక చివరి పోర్ట్ దగ్గర ఒకటి గాడిలోంచి లేచి నలిగిపోయింది. కొత్తవి వేసి, ఈసారి నడిమి బోల్టుల నుంచి బయటికి బిగించా. ఈల పోయింది.

కింద ఏమీ పోయినట్టు లేదు, 6000 దాటాక మునుపటిలా నీరసపడటం లేదు. ఇది నా వీపుకి తెలిసిన లెక్కే, స్ట్రిప్‌లో ఇచ్చే టైమ్ స్లిప్ వచ్చే నెల పెడతా.

నెల్లూరు_వీ8:
పెట్టు. బాస్ పెట్టిన నా ఫ్రెండ్‌ని కూడా అదే రోజు పట్టుకొస్తా.